మించాలపాడు నుంచి ఓటింగ్ దాకా: అనుమతి దగ్గర ఆగిన న్యాయం

1922 ఫిబ్రవరి ఆఖరి వారంలో పల్నాడు తాలూకా మించాలపాడులో పోలీసులు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. ఆయనతో పాటు మరో ఇద్దరు పోయారు. తగాదా పుల్లరి మీద. అడవిలో గొడ్డును మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే పన్ను. వానల్లేక పైరు ఎండిన ఏడు కూడా ఆ పన్ను కట్టి తీరాల్సిందే. జనం తిరగబడి అడవి శాఖ సిబ్బందికి నిప్పూ నీళ్ళూ ఇవ్వబోమన్నారు. ఇక్కడ ఏం జరుగుతోందో చూసి రమ్మని 1921లో గుంటూరు కాంగ్రెస్ పంపితే వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణను, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులను మాచర్లలోనే పట్టుకుని జైలుకు పంపారు. ఉన్నవ 'మాలపల్లి' రాసింది ఆ జైల్లోనే. హనుమంతు గుండ్లు తగిలి కూలిపోయాక కొన ఊపిరితో దాహం దాహమని అడిగాడని, నీళ్ళు పోయబోయిన వాళ్ళను పోలీసులు దగ్గరికి రానివ్వలేదని దుర్గి, మాచర్ల ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు గుంటూరు జిల్లా కలెక్టరు రూథర్‌ఫర్డ్.

ఆ కాల్పులు జరిపింది పోలీసులు, సైన్యం కాదు. అది యుద్ధకాలమూ కాదు. అయినా యుద్ధంలో సైనికుడు పౌరుణ్ణి చంపితే ఎవరు అడగాలి, ఏ కోర్టు విచారించాలి అన్న ప్రశ్నకు పల్నాడు వాడిగా నేను మించాలపాడు నుంచే దారి వెతుక్కుంటాను. ప్రభుత్వం ఇచ్చిన తుపాకీతో, ప్రభుత్వం పంపితే వచ్చి, ఆయుధం లేని మనిషిని చంపినవాడు మామూలు హంతకుడిలా కోర్టు మెట్లెక్కుతాడా లేదా అన్నదే ఇందులో అసలు విషయం. గత వందేళ్ళలో మన దగ్గరా, ఈశాన్యంలోనూ, కాశ్మీర్‌లోనూ, బయటి దేశాల్లోనూ దీనికి వచ్చిన జవాబులను వరసగా పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనబడుతోంది. చట్టాలకు కొదవ లేదు. చంపడం నేరమని అన్ని చట్టాలూ అంటున్నాయి. కేసు జడ్జి ముందుకు చేరకముందే, ఎవరి మనుషులు చంపారో ఆ ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలనడంతో తీర్పు అక్కడే అయిపోతోంది.

మించాలపాడు నాటికి అమల్లో ఉన్నది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. దాని 132వ సెక్షన్ ప్రకారం గుంపును చెదరగొట్టడానికి చేసిన పని మీద ప్రభుత్వం ఒప్పుకోనిదే ప్రాసిక్యూషన్ పెట్టడానికి వీల్లేదు. గుంపు మీదపడిందని రాసేస్తే చాలు, కాల్చిన చెయ్యి చట్టం నీడలోకి వెళ్ళిపోతుంది. మించాలపాడుకు మూడేళ్ళ ముందు జలియన్‌వాలాబాగ్‌లో అధికారిక లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. హంటర్ కమిటీ జనరల్ డయ్యర్‌ను తప్పుపట్టింది. ఉద్యోగం వదులుకుని ఇంటికి వెళ్ళమన్నారు, అంతే. కోర్ట్ మార్షల్ జరగలేదు. కమిటీ నివేదిక రాకముందే 1919లో పంజాబ్ అధికారులను కాపాడుతూ ఇండెమ్నిటీ చట్టం తెచ్చి పెట్టుకున్నారు. 1921 నవంబరులో మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే మాప్పిళ్ళ ఖైదీలను గాలి ఆడని గూడ్సు పెట్టెలో కుక్కి బళ్ళారి జైలుకు పంపితే దారిలో డెబ్భై మంది దాకా ఊపిరాడక చచ్చిపోయారు. వాళ్ళ వెంట కాపలాగా వెళ్ళిన సార్జెంటు మీద కేసు నడిచింది, విడుదలయ్యాడు.

రూథర్‌ఫర్డ్‌ను పల్నాడు అంత తేలిగ్గా మరిచిపోకూడదు. 1924 ఏప్రిల్లో ప్రభుత్వం అతణ్ణి మన్యానికి ప్రత్యేక కమిషనరుగా పంపింది. అల్లూరి సీతారామరాజును పట్టుకోవడం అతని పని. మే 7న రాజు ప్రాణాలతో పట్టుబడ్డాడు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆధీనంలో ఉండగా చనిపోయాడు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు చెప్పింది. చెట్టుకు కట్టేసి కాల్చారని మన్యం చెప్పింది. రాజు తిరుగుబాటుదారుడే, పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకెళ్ళినవాడే. కానీ చేతికి చిక్కి, ఆయుధం పోయిన క్షణం నుంచి ఆయన ఖైదీ. ఖైదీని కోర్టుకు తీసుకెళ్ళాలి. ఆ పని చెయ్యకుండా 'పారిపోబోయాడు' అన్న ఒక్క మాటతో ఫైలు మూసేశారు. ఆ మాట తర్వాత తెలుగునాట ఎన్నిసార్లు, ఎన్ని ఊళ్ళ పేర్లతో పునరావృతమైందో చెప్పక్కర్లేదు.

యుద్ధంలో కూడా చంపకూడని వాళ్ళుంటారన్న మాట పల్నాడుకు జెనీవా నుంచి రాలేదు. పల్నాటి వీరచరిత్రలో మాచర్ల వాళ్ళ తరఫున రాయబారిగా గురజాలకు వెళ్ళిన అలరాజును చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారని కథ. అతను గురజాల రాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా కథ చెప్పేవాళ్ళు ఆ చావును అల్లుడి చావుగా కన్నా రాయబారి చావుగానే ఎక్కువ నొక్కి చెబుతారు. సంధి మాటకు వచ్చినవాణ్ణి చంపాక కారెంపూడి యుద్ధం ఇక ఆగలేదు. కారెంపూడి వీరుల గుడి దగ్గర ఏటా ఉత్సవానికి వచ్చే జనానికి ఆ కట్టుబాటు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పక్కర్లేదు. లిఖిత చట్టం దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత వచ్చింది. 1949 జెనీవా ఒప్పందాల్లో నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం అంతర్యుద్ధాలకు కూడా వర్తిస్తుంది. ఆయుధం పట్టని వాళ్ళను, ఆయుధం కింద పెట్టేసిన వాళ్ళను చంపకూడదంటుంది. భారతదేశం ఆ ఒప్పందాలకు 1960లో చట్టం చేసింది. అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని పెట్టిన 1998 రోమ్ ఒప్పందంలో మాత్రం చేరలేదు. కాబట్టి మన నేల మీద మన సైనికుడు చేసిన నేరాన్ని విచారించగలిగేది మన కోర్టులే, లేదా మన సైన్యమే.

ఇక్కడ 1950 ఆర్మీ చట్టాన్ని కాస్త నిదానంగా చదవాలి. చాలామంది సైనికుడు ఏం చేసినా కోర్ట్ మార్షలేననుకుంటారు. చట్టం అలా లేదు. 70వ సెక్షన్ ప్రకారం సైనికుడు పౌరుణ్ణి హత్య చేస్తే దాన్ని కోర్ట్ మార్షల్ విచారించకూడదు, మామూలు సెషన్స్ కోర్టుకే పోవాలి. మినహాయింపులు మూడు. అతను 'యాక్టివ్ సర్వీస్'లో ఉండగా చేసినా, దేశం బయట చేసినా, ప్రభుత్వం పేర్కొన్న సరిహద్దు పోస్టులో చేసినా సైన్యం తానే విచారించవచ్చు. ఇలా రాసినవాళ్ళ మనసులో మామూలు కాలానికీ యుద్ధకాలానికీ మధ్య గీత ఉంది. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం ఆ గీతను చెరిపేసింది. ఆ చట్టం అమల్లో ఉన్న చోట సైనికులు ఏళ్ళ తరబడి యాక్టివ్ సర్వీస్‌లోనే ఉన్నట్టు లెక్క. దాంతో మినహాయింపే నియమమైపోయింది. ఏ కోర్టుకు పోవాలో ముందుగా ఎంచుకునే హక్కు 125వ సెక్షన్ కింద సైనిక కమాండర్‌ది. మెజిస్ట్రేటు కాదన్నా 126వ సెక్షన్ కింద చివరి మాట కేంద్ర ప్రభుత్వానిది.

ఈ ప్రత్యేక అధికారాల చట్టం కూడా మనం కొత్తగా తయారుచేసుకున్నది కాదు. క్విట్ ఇండియాను అణచడానికి 1942లో లిన్‌లిత్‌గో తెచ్చిన ఆర్డినెన్సు దీనికి మూలం. 1958లో మన పార్లమెంటు దాన్నే నాగా ప్రాంతం కోసం చట్టం చేసింది. 1990లో జమ్మూ కాశ్మీర్‌కు విడిగా ఇంకొకటి వచ్చింది. మొదటి దానిలో 6వ సెక్షన్, రెండో దానిలో 7వ సెక్షన్ చెప్పేది ఒకటే: కేంద్రం ముందుగా అనుమతిస్తే తప్ప ఏ కేసూ నడవదు. హనుమంతు కాలం నాటి 132వ సెక్షన్ ఇక్కడికి నడిచొచ్చింది.

ఇదంతా కాగితం మీద చదివితే పొడిగా ఉంటుంది. పత్రిబల్ కేసులో ఇది మనుషుల మీద అమలైన తీరు చూడాలి. 2000 మార్చి 20న కాశ్మీర్‌లో చిట్టిసింగ్‌పురా అనే ఊళ్ళో 35 మంది సిక్కులను ఉగ్రవాదులు చంపేశారు. అయిదు రోజుల తర్వాత, వాళ్ళను చంపిన విదేశీ ఉగ్రవాదులు వీళ్ళేనంటూ పత్రిబల్ కొండ మీద అయిదుగురిని సైన్యం, పోలీసులు కలిసి కాల్చారు. శవాలు గుర్తుపట్టలేనంతగా కాలిపోయి ఉన్నాయి. వాళ్ళు తప్పిపోయిన తమ మనుషులేనని చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు మొత్తుకుంటే శవాలు తవ్వి తీశారు. రక్త నమూనాలు పరీక్షకు మన హైదరాబాద్‌లోని డి.ఎన్.ఎ. కేంద్రానికి వచ్చాయి. చచ్చిపోయినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళ రక్తమని పంపిన నమూనాల్లో ఇక్కడి శాస్త్రవేత్తలకు మగవాళ్ళ డి.ఎన్.ఎ. కనబడింది. అంటే దారిలో ఎవరో మార్చేశారు. 2002లో మళ్ళీ కొత్తగా నమూనాలు తీస్తే ఊరివాళ్ళు చెప్పిందే నిజమని తేలింది. ప్రయోగశాల బల్ల మీద ఒక గాజు గొట్టం చెప్పిన ఆ నిజం కోర్టు దాకా ఎలా వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో చూడండి. సి.బి.ఐ. 2006లో సైనికాధికారుల మీద చార్జిషీటు వేసింది. అనుమతి లేదన్న అభ్యంతరం మీద అది ఆరేళ్ళు కోర్టుల మధ్య తిరిగింది. 2012 మే 1న సుప్రీంకోర్టు సైన్యాన్నే ఎంచుకోమంది. కోర్ట్ మార్షల్ పెట్టుకుంటారా, సరే. లేదంటే మామూలు కోర్టుకు కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి. సైన్యం తన దారే ఎంచుకుంది. 2014 జనవరిలో, కోర్ట్ మార్షల్ మొదలవక ముందే, ప్రాథమిక సాక్ష్యాల దశలోనే ఆధారాలు చాలవని కేసు మూసేసింది. సి.బి.ఐ. హత్య అన్నది. సైన్యం ఏమీ లేదన్నది. ఈ రెంటిలో ఏది నిజమో ఏ జడ్జీ తేల్చలేదు.

సైన్యం ఎప్పుడూ తనవాళ్ళను వెనకేసుకొస్తుందనడం అన్యాయం. 2010లో మాచిల్ దగ్గర ముగ్గురు యువకులను పని ఇప్పిస్తామని తీసుకెళ్ళి చంపి, చొరబాటుదారులని చూపించిన కేసులో సైన్యం కోర్ట్ మార్షల్ నడిపి 2014లో యావజ్జీవ శిక్షలు వేసింది. 2020 జులైలో అంషీపొరాలో ముగ్గురు కూలీలను చంపినందుకు ఒక కెప్టెన్‌కు 2023లో యావజ్జీవం వేసింది. 1994లో అస్సాంలోని డాంగరిలో అయిదుగురిని చంపిన కేసులో 2018లో, ఇరవై నాలుగేళ్ళకు, అప్పటికే పెద్ద హోదాకు ఎదిగి రిటైరైన అధికారితో సహా ఏడుగురిని దోషులుగా తేల్చింది. ఈ మూడూ సైన్యానికి గౌరవం తెచ్చే తీర్పులే. మాచిల్, అంషీపొరా శిక్షలను మాత్రం సాయుధ బలగాల ట్రిబ్యునల్ నిలిపేసింది, మొదటిది 2017లో, రెండోది శిక్ష పడిన ఏడాదే. అప్పీలు హక్కు ఎవరికైనా ఉండాల్సిందే, దాన్ని తప్పుపట్టను. నాకు అభ్యంతరం ఇంకోచోట ఉంది. కోర్ట్ మార్షల్లో చనిపోయినవాడి తల్లికి చోటు లేదు. సెషన్స్ కోర్టులో ఆమె వెనక బెంచీ మీదైనా కూర్చుని వినగలదు, సొంత వకీలును పెట్టుకుని ప్రాసిక్యూటరుకు సాయం చేయించుకోగలదు, తీర్పు కాపీ తీసుకోగలదు. నరసరావుపేట కోర్టు ఆవరణలో హత్య కేసు వాయిదాకు వచ్చి చెట్టు కింద కూర్చునే ఆడవాళ్ళను చూసినవాళ్ళకు ఆ హక్కు ఎంత పెద్దదో తెలుసు. గెలిచినా ఓడినా తన మనిషి చావు గురించి నలుగురి ముందు ఎవరో ప్రశ్నలు అడిగారన్నది వాళ్ళకు దక్కుతుంది.

ఓటింగ్ అనే నాగా ఊళ్ళో అదీ దక్కలేదు. 2021 డిసెంబరు 4 సాయంత్రం నాగాలాండ్ మోన్ జిల్లాలో బొగ్గు గనిలో పని ముగించుకుని పికప్ వ్యానులో ఇంటికి వెళ్తున్న కూలీల మీద 21 పారా కమాండోలు కాల్పులు జరిపారు. ఆరుగురు పోయారు. వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్ళు శవాలను చూసి తిరగబడ్డారు, మళ్ళీ కాల్పులు. ఆ రాత్రికి పౌరుల్లో చచ్చిపోయినవాళ్ళు 13 మంది, ఒక సైనికుడు కూడా చనిపోయాడు. బండిని ఆపమంటే ఆగకుండా పారిపోబోయిందని కేంద్ర హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. కొయ్యూరులో విన్న మాట తొంభై ఏడేళ్ళకు మళ్ళీ వినబడింది. ఈసారి మాత్రం ఆ మాటను ఒకరు పరీక్షించారు. నాగాలాండ్ పోలీసుల ప్రత్యేక బృందం దర్యాప్తు చేసి, ఎవరో ఏమిటో నిర్ధారించుకోకుండా, నిబంధనలు పాటించకుండా కాల్చారని తేల్చింది. 2022లో ఒక మేజర్‌తో సహా 30 మంది మీద చార్జిషీటు వేసింది. 2023లో కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు ఆ కేసును మూసింది.

ఇది ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటైతే ఇంత రాయక్కర్లేదు. 2001 నుంచి 2016 దాకా జమ్మూ కాశ్మీర్ ప్రభుత్వం సైనికుల మీద ప్రాసిక్యూషన్‌కు అనుమతి కోరిన కేసులు 50 అని, వాటిలో 47 నిరాకరించామని, మూడు పెండింగులో ఉన్నాయని రక్షణ శాఖ 2018 జనవరిలో రాజ్యసభకు చెప్పింది. అనుమతించినవి సున్నా. యాభై ఫిర్యాదుల్లో అబద్ధాలు కూడా ఉండవచ్చు. యాభైకి యాభై అబద్ధాలని నమ్మడానికి మాత్రం నాకు మనసొప్పదు. అవి అబద్ధాలే అయితే ఆ మాట తేల్చాల్సింది సాక్షిని ప్రశ్నించగల కోర్టు. ఢిల్లీలో ఒక కార్యదర్శి బల్ల మీద కాదు.

సైనికుల వైపు మాటనూ వినాలి. 2018లో మూడు వందల మందికి పైగా అధికారులు, జవాన్లు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చీకట్లో, తెలియని కొండల్లో, ఎటునుంచి గుండు వస్తుందో తెలియని చోట సెకనులో తీసుకున్న నిర్ణయానికి ఇరవై ఏళ్ళ తర్వాత హత్య కేసు ఎదుర్కోమంటే ఎవరు పోరాడతారని వాళ్ళ ప్రశ్న. వేర్పాటువాదులు కావాలని తప్పుడు కేసులు పెట్టి యూనిట్లను కోర్టుల చుట్టూ తిప్పుతారన్న భయం కూడా ఉత్తది కాదు. మన జిల్లాల నుంచి కూడా సరిహద్దుకు వెళ్ళిన పిల్లలున్నారు, వాళ్ళ తల్లిదండ్రులకు ఈ భయం అర్థమవుతుంది. కానీ మాచిల్లో, పత్రిబల్లో వచ్చిన ఆరోపణ సెకనులో జరిగిన పొరపాటు గురించి కాదు. మనిషిని ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్ళి చంపారన్నది ఆరోపణ. ఈ రెంటినీ ఒకే గొడుగు కిందికి తేవడం వల్ల నిజాయితీగా పోరాడే జవానుకే ఎక్కువ నష్టం. హంతకుడికీ అతనికీ తేడా చెప్పగలిగే కోర్టే లేకుండా పోతుంది. ఆ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 నవంబరులో కొట్టేసింది. అంతకు ముందు 2016 జులై 8న మణిపూర్‌లో 1,528 మరణాల కేసులో, అల్లర్ల ప్రాంతమైనా సరే మితిమీరిన బలప్రయోగానికి మినహాయింపు లేదని, క్రిమినల్ కోర్టు విచారణ నుంచి ఎవరూ తప్పించుకోలేరని అదే కోర్టు చెప్పింది. అందులో ముందుగా ఆరు కేసులను పరిశీలించిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్‌కు ఆరింటిలో ఒక్కటి కూడా నిజమైన ఎదురుకాల్పులుగా కనబడలేదు.

బయటి దేశాలు మనకన్నా మెరుగ్గా చేశాయా? చాలా వరకు లేదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలై ఊళ్ళో అమెరికా సైనికులు వియత్నాం లెక్క ప్రకారం 504 మందిని చంపారు. పిల్లలు, ముసలివాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు. ఏడాదికి పైగా దాన్ని దాచారు. ఒక మాజీ సైనికుడు రాసిన ఉత్తరాలతో బయటపడింది. చివరికి శిక్ష పడింది లెఫ్టినెంట్ క్యాలీ ఒక్కడికే. 1971లో యావజ్జీవం, దాంట్లో ఎక్కువ భాగం తన క్వార్టర్స్‌లోనే గడిపి 1974కల్లా బయటికొచ్చాడు. అతని కెప్టెన్ నిర్దోషి. ఆ రోజు హెలికాప్టర్ దింపి తోటి సైనికులకు ఎదురు నిలబడి కొందరు ఊరివాళ్ళను కాపాడిన హ్యూ థాంప్సన్‌కు సైన్యం పతకం ఇవ్వడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఇజ్రాయెల్లోని కఫర్ ఖాసింలో 1956 అక్టోబరు 29న కర్ఫ్యూ పెట్టిన సంగతే తెలియక పొలాల నుంచి ఇంటికొస్తున్న కూలీలను సరిహద్దు పోలీసులు కాల్చారు. అది చదివినప్పుడు నాకు ఓటింగ్ పికప్ వ్యానే గుర్తొస్తుంది. అక్కడి కోర్టు ఒక గట్టి మాట చెప్పింది: చూడగానే అక్రమమని తెలిసిపోయే ఆజ్ఞను పాటించకపోవడమే సైనికుడి విధి. ప్రపంచం ఆ సూత్రాన్ని తీసుకుంది. దోషులు మాత్రం 1960కల్లా విడుదలయ్యారు, బ్రిగేడ్ కమాండరుకు నామమాత్రపు జరిమానా పడింది. శ్రీలంకలో 2000లో మిరుసువిల్ దగ్గర ఎనిమిది మంది తమిళులను చంపిన సైనికుడికి పదిహేనేళ్ళకు ఉరిశిక్ష పడితే 2020లో అధ్యక్షుడు క్షమించి వదిలేశాడు. అదే లంకలో మన శాంతి సేన ఉన్నప్పుడు 1989 ఆగస్టులో వల్వెట్టిత్తురైలో 50 మందికి పైగా పౌరులు చనిపోయారు. ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్నారన్నది మన అధికారిక వివరణ. దేశం బయట చేసిన హత్యను విచారించడానికి ఆర్మీ చట్టంలో దారి తెరిచే ఉంది, అయినా ఆ మాటే ఆఖరి మాటగా మిగిలింది.

వీటన్నిటిలో నాకు ఆశ కలిగించింది ఆస్ట్రేలియా ఒక్కటే. తమ ప్రత్యేక దళాలు అఫ్గానిస్తాన్‌లో 39 మందిని అక్రమంగా చంపాయని నమ్మదగ్గ సమాచారం ఉందని 2020లో సైన్యం వేసిన విచారణే చెప్పింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించింది, దర్యాప్తును సైన్యం చేతుల్లోంచి తీసి బయటి కార్యాలయానికి అప్పగించింది. 2023లో ఒక మాజీ సైనికుడి మీద మామూలు కోర్టులో హత్యా నేరం మోపారు. అప్పటికి ఒక్కడే, నిజమే. అయినా తాళంచెవి చేతులు మారింది.

తెలుగు నేల మీద సైన్యం యుద్ధం చేసిన సందర్భం 1948 సెప్టెంబరు. కృష్ణకు అవతలి ఒడ్డున హైదరాబాద్ సంస్థానం. రజాకార్లు, నిజాం సైన్యం బైరాన్‌పల్లి లాంటి ఊళ్ళలో చేసిన మారణకాండలు అందరికీ తెలిసినవే. వాటికి కొంతైనా విచారణ జరిగింది. కాసిం రజ్వీకి శిక్ష పడి 1957 దాకా జైల్లో ఉన్నాడు. సాయుధ పోరాటం చేసిన కమ్యూనిస్టులకు ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్షలు కూడా వేశాయి, తర్వాత అవి తగ్గాయి. కానీ పోలీసు చర్య సమయంలోనూ ఆ వెంటనే జరిగిన ముస్లింల ఊచకోత మీద నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఎక్కువ మరణాలు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో. చాలాచోట్ల సైన్యం జనాన్ని కాపాడిందని, కొన్నిచోట్ల సైనికులే లూటీలో, హత్యల్లో పాలుపంచుకున్నారని కూడా ఆ నివేదిక రాసింది. అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఓడినవాళ్ళ నేరాలకు ట్రిబ్యునళ్ళు కూర్చున్నాయి, గెలిచినవాళ్ళ నేరాల నివేదిక బీరువాలోకి వెళ్ళింది.

ఆ తర్వాత మన దగ్గర సైన్యం పనిని ప్రత్యేక పోలీసు దళాలు అందుకున్నాయి. పిడుగురాళ్ళ దగ్గర గుత్తికొండ బిలంలో 1969లో చారు మజుందార్‌తో సమావేశం జరిగిన నాటి నుంచి నల్లమల అంచు ఊళ్ళకు 'ఎన్‌కౌంటర్' కొత్త మాట కాదు. 1975లో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను చంపడం బూటకమని 1977లో తార్కుండే కమిటీ చెప్పింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది, దాని విచారణ సగంలోనే ఆగిపోయింది. పౌరహక్కుల సంఘం మాత్రం ఆగలేదు. దాని ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో దేశమంతటికీ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం నా దృష్టిలో ఈ వందేళ్ళ ప్రశ్నకు అన్నిటికన్నా సూటి జవాబు ఇచ్చింది. పోలీసుల కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నది వాళ్ళు కోర్టులో నిరూపించుకోవాల్సిన మాట, ఆర్.డి.ఓ. విచారణ దానికి ప్రత్యామ్నాయం కాదు. మిగతా అందరికీ ఉన్న పద్ధతే ఇది. పొలం గట్టు దగ్గర కొట్లాటలో ఎదుటివాణ్ణి చంపిన రైతు 'నన్ను చంపబోయాడు' అంటే ఎస్.ఐ. కేసు కట్టకుండా వదిలేస్తాడా? సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. 2014లో మహారాష్ట్ర కేసులో తన పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ఎఫ్.ఐ.ఆర్. ఉంది, వేరే స్టేషన్ పోలీసులతోనో సి.ఐ.డి.తోనో దర్యాప్తు ఉంది, కానీ హైకోర్టు తీర్పులోని ఆ గట్టి వెన్నెముక లేదు.

దర్యాప్తు మొదటి గంటలోనే చెడిపోతే తర్వాత ఏ కోర్టూ బాగుచెయ్యలేదని వాకపల్లి చూపించింది. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేస్తూ, దర్యాప్తు సరిగా జరగలేదని, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. పదహారేళ్ళు. 2019లో చటాన్‌పల్లి దగ్గర ఒక యువతి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను కాల్చిన పోలీసుల మీద పూలు చల్లారు. సిర్పూర్కర్ కమిషన్ 2022లో పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. ఆ పూలు చల్లినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు, ఆడపిల్లల తండ్రులు ఉన్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. అయినా హనుమంతును తలుచుకునే నేల మీద పుట్టినవాళ్ళు, తుపాకీ చెప్పిన మాటను విచారణ లేకుండా నమ్మకూడదని గట్టిగా అడుగుతాను. గోదావరి అవతల బస్తర్‌లోని సార్కెగూడలో 2012 జూన్‌లో చనిపోయిన 17 మందిని కూడా మావోయిస్టులనే అన్నారు. అలా అనడానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ తేల్చేసరికి 2019 వచ్చింది.

దారి లేదా అంటే ఉంది, దాన్ని చూపిన వాళ్ళలో మనవాడూ ఉన్నాడు. మణిపూర్‌లో తంగ్జం మనోరమ హత్య తర్వాత 2004లో కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 2005 జూన్ 6న ఆయన ఇచ్చిన నివేదిక ప్రత్యేక అధికారాల చట్టాన్ని రద్దు చెయ్యమంది. సైన్యం అవసరమైన జిల్లాలన్నిటిలో ఫిర్యాదుల విభాగాలు పెట్టమంది, తప్పిపోయిన మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్ళు వెళ్ళి అడిగితే జవాబు చెప్పే బాధ్యతను వాటికి ఇమ్మంది. దాన్ని ప్రభుత్వం ఆమోదించలేదు. 2013లో నిర్భయ ఘటన తర్వాత చేసిన సవరణతో అత్యాచారం కేసుల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షన్ అనుమతి అక్కర్లేకుండా పోయింది. దానివల్ల పాలన కుప్పకూలలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ఇంకో మంచి అడుగు వేసింది. ప్రాసిక్యూషన్‌కు అనుమతి అడిగిన 120 రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అయితే ఈ గడువు ఉన్నది సివిల్ ఉద్యోగుల గురించి చెప్పే మొదటి ఉపసెక్షన్లో. సైనిక బలగాల గురించి చెప్పే రెండో ఉపసెక్షన్లో లేదు. ప్రత్యేక అధికారాల చట్టం 6వ సెక్షన్లో అసలే లేదు. ఆ రెండు చోట్లా అదే గడువు రాసి, నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చనిపోయినవాళ్ళ కుటుంబానికి ఇవ్వాలని, ఆ కారణాలను హైకోర్టు పరిశీలించవచ్చని చేర్చడానికి పార్లమెంటుకు ఒక చిన్న సవరణ చాలు. సైన్యం చేతులు దీనివల్ల కట్టుబడవు. చెప్పుకోవడానికి కారణం ఉన్న జవాను ఆ కారణాన్ని జడ్జి ముందు చెబుతాడు.

ఓటింగ్ కేసును మూసేటప్పుడు సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఉంచింది. ఎప్పుడైనా అనుమతి వస్తే చార్జిషీటు మీద విచారణ కొనసాగించవచ్చు, సైన్యం తన క్రమశిక్షణ చర్య తాను తీసుకోవచ్చు. అనుమతి నిరాకరణను నాగాలాండ్ ప్రభుత్వమే స్వయంగా సుప్రీంకోర్టులో సవాలు చేసింది. అంటే ఒక రాష్ట్రం తన పౌరుల హత్యకు విచారణ కావాలని కేంద్రం మీద కోర్టుకెక్కింది. ఆ పిటిషన్ మీద వచ్చే తీర్పు పదమూడు కుటుంబాల గురించే కాదు, అనుమతి నిరాకరణకు కారణం అడిగే హక్కు కోర్టుకు ఎంత దాకా ఉందో కూడా తేల్చాల్సి ఉంటుంది.